రైతు ప్రశ్న - కంపెనీ ప్రతినిధి జవాబు

(తృతీయ బి.యస్సీ., వృక్ష - జంతు - రసాయన శాస్త్రాలు)

కళాశాల వార్షిక సంచికలో సైన్సు వ్యాసమంటే అణుశక్తి గురించో, అంతరిక్ష యాత్రల గురించో ఉండడం ఆనవాయితీ. నేను అంత దూరం పోదలచుకోలేదు. మా ఊరి రామాలయం అరుగు దాకా మాత్రమే పోతాను. ఒకనాటి సాయంత్రం అక్కడ జరిగిన ప్రశ్నోత్తరాలను పాఠంగా తీసుకొని, మనం తరగతిలో చదివే రసాయన శాస్త్రానికీ, కీటక శాస్త్రానికీ ఆ అరుగు మీద ఏం పని ఉందో చూద్దాం.

అది 2021వ సంవత్సరం చివరి మాట. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఆ యేడు గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్లు ప్రాంతాల మిరప తోటల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడిన సంగతి పల్లెటూళ్ళ నుంచి వచ్చిన మిత్రులకు గుర్తుండే ఉంటుంది. దీని శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో దీన్ని మొదట 2015లో బొప్పాయి మీద గుర్తించారు. మనకు అలవాటైన పాత తామర పురుగు ఎక్కువగా ఆకుల్ని పట్టి ఉండేది. ఇది పూతలో చేరింది. పువ్వు విదిలిస్తే అరచేతిలో నల్లటి నలుసుల్లా రాలేవి. పూత రాలిపోయింది. పూత లేకపోతే కాయ లేదు, కాయ లేకపోతే ఆ యేడు లేదు.

మాకు ఎకరంన్నర మిరప. అందులో ఎకరం కౌలు.

ఆ సాయంత్రం ఒక పురుగుమందుల కంపెనీ ప్రతినిధి మోటారు సైకిలు మీద మా ఊరు వచ్చాడు. అరుగు మీద బ్యానరు కట్టించాడు, అందరికీ టీ ఇప్పించాడు. ముప్పైమంది దాకా రైతులు చేరారు. ఒకరి తరువాత ఒకరు ప్రశ్నలు అడిగారు, ఆయన ఒక్క క్షణం తడుముకోకుండా జవాబులు చెప్పాడు. నేను వెనక కూర్చొని నోటుబుక్కులో రాసుకున్నాను. ఏడు ప్రశ్నలు. ఏడింటికీ జవాబు ఎక్కడెక్కడో మొదలై, చివరికి ఒకే డబ్బా దగ్గర ఆగింది.

ఎనిమిదో ప్రశ్న మా అమ్మ అడిగింది. బోరింగు దగ్గర బిందెతో నిలబడి, కొంగు సర్దుకుంటూ, "ఇప్పటికి తొమ్మిదిసార్లు కొట్టాం బాబూ. ఇక కొట్టకుండా ఊరుకుంటే ఏమవుద్ది?" అంది.

అంతా నవ్వారు. ప్రతినిధి కూడా నవ్వి, "అమ్మా, మనం ఊరుకుంటే పురుగు ఊరుకోదు గదా!" అన్నాడు. మళ్ళీ నవ్వులు. సభ ముగిసింది.

ఆ మాట బాగానే ఉంది గాని అది జవాబు కాదని నాకు ఇంటికి వచ్చాక తోచింది. ఆ సాయంత్రం అడిగిన ఎనిమిది ప్రశ్నల్లో అసలైన శాస్త్రీయ ప్రశ్న అదొక్కటే అని తెలియడానికి మాత్రం డిగ్రీ రెండో సంవత్సరం దాకా పట్టింది.

ప్రశ్నలు నాలుగు రకాలు

ముందుగా ఒక మాట. కంపెనీ ప్రతినిధిని దొంగ అనడం నా ఉద్దేశం కాదు. ప్రభుత్వ వ్యవసాయ అధికారికి చాలా ఊళ్ళు చూడాల్సి ఉంటుంది, పైగా ఆఫీసు పనులు. ప్రతినిధి మాత్రం రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసినా పలుకుతాడు. తన మందు గురించి అతనికి తెలిసినంత దుకాణదారుకు తెలియదు. ఎన్ని నీళ్ళలో కలపాలి, ఏ మందుతో కలపకూడదు, పొద్దున కొట్టాలా సాయంత్రం కొట్టాలా అన్నవి చాలాసార్లు సరిగ్గానే చెబుతాడు. అతను కూడా ఏదో ఒక ఊరి రైతు బిడ్డే.

అయితే రైతు అడిగే ప్రశ్నలను విడదీసి చూస్తే నాలుగు రకాలుగా కనిపిస్తాయి.

మొదటిది: నా చేలో ఉన్నది ఏమిటి?
రెండోది: దానికి ఏదైనా చెయ్యడం అవసరమా?
మూడోది: చేస్తే, ఎలా చెయ్యాలి?
నాలుగోది: చేసింది పని చెయ్యకపోతే బాధ్యత ఎవరిది?

కంపెనీ ప్రతినిధి మూడో ప్రశ్నకు చక్కగా జవాబు చెప్పగలడు. మొదటిదానికి సగం చెబుతాడు. రెండోది అడిగితే నవ్విస్తాడు. నాలుగోది అడిగితే డీలరును చూపిస్తాడు, డీలరు వాతావరణాన్ని చూపిస్తాడు. ఇది మనిషి గుణాన్ని బట్టి వచ్చిన తేడా కాదు, అతని ఉద్యోగాన్ని బట్టి వచ్చిన తేడా. "ఇప్పుడు మందు అక్కర్లేదు" అనే జవాబుకు అమ్మకాల లెక్కలో గడి లేదు. కనుక జవాబు వినే ముందు, ఏ జవాబు చెప్పే స్వేచ్ఛ ఆ మనిషికి ఉందో చూసుకోవడం వినేవాడి బాధ్యత. ఇప్పుడు ఒక్కొక్క ప్రశ్నే తీసుకుందాం.

ముడత పైకా, కిందికా?

మిరపలో ఆకు ముడత వచ్చిందని చెప్పగానే మందు పేరు చెప్పేవాణ్ణి నమ్మకూడదు. ముందు అతను అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "ముడత పైకా, కిందికా?" తామర పురుగు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకుని దోనెలా అవుతాయి. దీన్ని పైముడత అంటాం. తెల్లనల్లి పడితే అంచులు కిందికి తిరిగి, ఆకు తిరగేసిన దోనెలా అవుతుంది. ఇది కింది ముడత.

జంతుశాస్త్రం చదివేవాళ్ళకు ఇక్కడ పెద్ద తేడా కనిపించాలి. తామర పురుగు కీటకం, దానికి ఆరు కాళ్ళు. నల్లి కీటకమే కాదు. పెరిగిన నల్లికి ఎనిమిది కాళ్ళు ఉంటాయి, అది సాలెపురుగు చుట్టం. రసం పీల్చే కీటకాల మీద పనిచేసే ఇమిడాక్లోప్రిడ్ నల్లిని చంపదు. పైగా కొన్ని పంటల్లో అది కొట్టిన తరువాత నల్లి పెరిగినట్లు శాస్త్రజ్ఞులు గమనించారు. అంటే ఆకు తిప్పి చూడకుండా చెప్పిన జవాబుకు రైతు డబ్బు పెట్టి తెగులును కొనుక్కున్నట్లే. ఆనాటి అరుగు మీద ఆకు తెచ్చి చూపించినవాళ్ళు లేరు, తెమ్మని అడిగినవాళ్ళూ లేరు.

కొట్టకుండా ఊరుకుంటే?

ఇక మా అమ్మ ప్రశ్న. దీనికి కీటక శాస్త్రంలో ఒక పేరే ఉంది. 1959లో కాలిఫోర్నియాలో వెర్నన్ స్టెర్న్, ఆయన సహచరులు కలిసి 'ఆర్థిక నష్ట పరిమితి' అనే భావాన్ని స్పష్టంగా నిర్వచించారు. దాని సారాంశం సులువైనదే. చేలో పురుగు కనిపించినంత మాత్రాన నష్టం కాదు. పురుగు చేసే నష్టం విలువ, మందుకూ కూలికీ పెట్టే ఖర్చును మించబోతున్నప్పుడే మందు కొట్టాలి. అంతకు ముందు కొడితే పురుగు చచ్చినా రైతు ఓడిపోయినట్లే.

వరిలో సుడిదోమకు మన వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పే లెక్క చూడండి: పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15 దోమలు, వెన్ను దశలో 20 నుంచి 25 దోమలు ఉన్నప్పుడే మందు ఆలోచించాలి. ఈ లెక్క తేలాలంటే చేలోకి దిగి, దుబ్బు వంచి, తట్టి, మొదట్లో లెక్కపెట్టాలి. గట్టు మీద నుంచి చూస్తే కుదరదు, అరుగు మీద నుంచి అసలే కుదరదు.

ఇంకో సంగతి. దుబ్బులో దోమ ఒక్కటే ఉండదు. సాలీళ్ళుంటాయి, అక్షింతల పురుగులుంటాయి, దోమ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులుంటాయి. మందు వాటికీ తగులుతుంది. మన తరఫున కూలి అడక్కుండా పనిచేసేవాళ్ళను మనమే చంపుకుంటే, బతికిన దోమకు ఇక అడ్డు ఉండదు.

ఇండోనేషియాలో ఇదే జరిగింది. అక్కడి ప్రభుత్వం పురుగుమందులకు భారీగా రాయితీ ఇచ్చింది. మందు వాడకం పెరిగింది, దానితోపాటు సుడిదోమా పెరిగింది. చివరికి 1986లో ఆ ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించి, తరువాత రాయితీలు కూడా ఎత్తివేసింది. 1989 నుంచి ఊరూరా రైతుల బడులు పెట్టింది. మన రాష్ట్రంలో 'పొలంబడి' పేరుతో జరిగినవి ఆ విధానంలోవే.

ఆ బడిలో నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. రైతు ఒక పురుగును పట్టుకొచ్చి "ఇదేమిటి?" అని అడిగితే బోధకుడు వెంటనే పేరు చెప్పడు. "ఎక్కడ దొరికింది? అప్పుడేం చేస్తోంది? ఆకు తింటోందా, ఇంకో పురుగును తింటోందా?" అని తిరిగి అడుగుతాడు. దాన్ని ఒక సీసాలో ఆకుతోనూ, ఇంకో సీసాలో దోమలతోనూ పెట్టి చూడమంటాడు. రెండు రోజుల తరువాత జవాబు రైతే చెబుతాడు. అలా తెలుసుకున్న జవాబును ఇంకెవరూ వచ్చి మార్చలేరు.

డబ్బా మీది పేరు, లోపలి పేరు

ఆ రాత్రి నేను మా గొడ్ల చావిట్లోకి వెళ్ళి ఖాళీ డబ్బాలు బయటికి తీశాను. మూడు కంపెనీలవి, మూడు రంగులవి, మూడు పేర్లవి. పెద్ద అక్షరాల కింద చిన్న అక్షరాలు చదివాను. రెండింటిలో ఉన్నది ఇమిడాక్లోప్రిడ్. మూడోది థయామెథాక్సామ్. నాన్న ప్రతిసారీ మందు మార్చానని అనుకున్నాడు. నిజానికి మారింది డబ్బా.

రసాయన శాస్త్ర విద్యార్థులు దీన్ని కొంచెం వివరంగా తెలుసుకోవాలి. పురుగుమందులు పురుగు శరీరంలో ఎక్కడ దెబ్బ కొడతాయో దాన్ని బట్టి శాస్త్రజ్ఞులు వాటిని గుంపులుగా విభజించి, అంతర్జాతీయంగా అంకెలు వేశారు. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు ఒకటో గుంపు. ఇవి నాడుల మధ్య సందేశం ముగిశాక శుభ్రం చేసే ఎసిటైల్ కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయి. సైపర్ మెత్రిన్, ఫెన్వలరేట్ వంటి సింథటిక్ పైరిథ్రాయిడ్లు మూడో గుంపు. ఇవి నాడిలో సోడియం దారులను మూసుకోనివ్వవు. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, ఎసిటామిప్రిడ్ నాలుగో గుంపు. ఇవి ఎసిటైల్ కోలిన్ అంటుకునే చోటనే అంటుకుంటాయి.

లక్ష పురుగుల్లో ఏ పదింటికో పుట్టుకతోనే ఒక మందును తట్టుకునే గుణం ఉందనుకుందాం. మందు కొడితే మిగిలేవి ఆ పదే. తరువాతి తరమంతా వాటి సంతానం. మళ్ళీ అదే గుంపు మందు, పేరు మార్చి కొడితే ఈసారి చచ్చేవి తక్కువ, మిగిలేవి ఎక్కువ. తామర పురుగుకు వేడి వాతావరణంలో రెండు మూడు వారాలకే ఒక తరం. అంటే ఒక్క పంటకాలంలోనే ఈ వడపోత చాలాసార్లు జరుగుతుంది. డార్విన్ సిద్ధాంతం పరీక్షలో పది మార్కుల ప్రశ్న అనుకుంటాం. మిరప చేలో దాని ఖరీదు వేరు.

ఈ పాఠం మన ప్రాంతానికి కొత్త కాదు. 1980లలో సింథటిక్ పైరిథ్రాయిడ్లు వచ్చినప్పుడు కాయతొలుచు పురుగు మీద అవి మొదట్లో అద్భుతంగా పనిచేశాయి. రైతులు వాటినే మళ్ళీ మళ్ళీ కొట్టారు. ఆ దశాబ్దం మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ విజృంభించింది. 1987-88 ప్రాంతంలో అప్పులపాలైన పత్తి రైతులు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్ళ తరువాత 1997-98లో వరంగల్లు జిల్లాలో పత్తి దెబ్బతిన్నప్పుడు మళ్ళీ అదే కథ. వాళ్ళలో ఎందరో తాగింది చేలో పురుగును చంపలేకపోయిన ఆ మందునే.

చట్టం చేతికిచ్చిన కాగితం

నాలుగో ప్రశ్న బాధ్యత గురించి. ఇక్కడ రైతు చేతిలో ఒక ఆయుధం ఉంది, దాన్ని మనవాళ్ళు డబ్బా విప్పగానే పారేస్తారు. 1968 నాటి పురుగుమందుల చట్టం, 1971 నాటి నిబంధనల ప్రకారం ప్రతి డబ్బాతోపాటు ఒక కరపత్రం ఉండాలి. అది ప్రాంతీయ భాషలో కూడా ఉండాలి. ఏ పంట మీద, ఏ పురుగుకు, ఎంత మోతాదులో వాడాలో, విషం ఎక్కితే లక్షణాలేమిటో, విరుగుడు ఏమిటో అందులో ఉంటుంది. ప్రతినిధి నోటితో చెప్పిన పంట ఆ కాగితంలో లేకపోతే, ఆ సలహాకు ఆ నోరు తప్ప వేరే ఆధారం లేదు.

డబ్బా మీద రంగు గుర్తు కూడా ఊరికే వేసింది కాదు. ఎలుకల వంటి జంతువులకు నోటి ద్వారా ఇచ్చినప్పుడు సగం జంతువులు చనిపోయే మోతాదును బట్టి ఆ రంగు నిర్ణయిస్తారు. శరీర బరువులో కిలోకు 50 మిల్లీగ్రాముల లోపే చంపేదానికి ఎరుపు, 51 నుంచి 500 దాకా పసుపు, 501 నుంచి 5000 దాకా నీలం, ఆ పైన ఆకుపచ్చ. ఎరుపు అన్నిటికంటే ప్రమాదకరం. మా ఊళ్ళో ఎర్ర గుర్తుంటే 'పవరున్న మందు' అంటారు. పవరు ఎవరి మీదో చెప్పేవాళ్ళు లేరు.

కాబట్టి ప్రతినిధి వచ్చినప్పుడు మన ఇంట్లోవాళ్ళు అడగవలసిన ప్రశ్నలను ఇక్కడ పాఠంగా రాస్తున్నాను.

1. నా ఆకు, నా పువ్వు చూశారా? పురుగును చూపించి పేరు చెప్పండి.
2. ఇప్పుడున్న పురుగు లెక్కకు మందు అవసరమా? ఎంత ఉంటే అవసరం?
3. దీంట్లో ఉన్న రసాయనం పేరేమిటి? పోయినసారి నేను కొట్టినదీ ఇదీ ఒకే గుంపా?
4. ఈ కాగితంలో నా పంట, ఈ పురుగు ఉన్నాయా?
5. కోతకు ఎన్ని రోజుల ముందు దీన్ని ఆపాలి?
6. మీరు చెప్పింది బిల్లు మీద రాసి ఇస్తారా?

ప్రతినిధి చెప్పినదాన్ని మందు అమ్మని మనిషిని అడిగి సరిచూసుకోవడం ఏడో పని. వ్యవసాయ విశ్వవిద్యాలయాల పరిశోధనా స్థానాలున్నాయి, కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. 2004 జనవరిలో మొదలైన కిసాన్ కాల్ సెంటరుకు 1800-180-1551 నంబరులో ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు.

రేపు అరుగు ముందు నిలబడేది ఎవరు?

ఆనాటి కథ చివరి భాగం చెప్పి ముగిస్తాను. సభ అయ్యాక ప్రతినిధి బ్యానరు విప్పుతుంటే నేను తాడు ముడి తీసిపెట్టాను. "ఏం చదువుతున్నావు తమ్ముడూ?" అన్నాడు. చెప్పాను. "నాదీ బి.యస్సీయే" అన్నాడు. కాసేపు ఊరుకుని, మోటారు సైకిలు తీస్తూ, "మీ అమ్మగారు అడిగిందే సరైన ప్రశ్న. దానికి జవాబు చెబితే ఈ నెల నా టార్గెట్ ఎవడు పూర్తి చేస్తాడు?" అన్నాడు. నవ్వలేదు.

ఆ యేడు మేము ఇంకా మూడుసార్లు కొట్టాం. పెట్టుబడి రాలేదు. కౌలు కట్టడానికి పాలిచ్చే గేదెను అమ్మాం. అమ్మ ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. కొట్టకుండా ఉంటే పంట దక్కేదని నేను అనను. అది కొత్త పురుగు, అప్పటికి శాస్త్రజ్ఞులే వెతుక్కుంటున్నారు. నీలిరంగు జిగురు అట్టలు పెట్టమన్నారు, వేపనూనె వాడమన్నారు, కనిపించిన మందల్లా కలిపి కొట్టవద్దన్నారు. ఆ మాట మా అరుగు దాకా రాలేదు. వచ్చి ఉంటే పంట దక్కకపోయినా గేదె దక్కేదేమో.

మిత్రులారా, పురుగుమందుల దుకాణం లైసెన్సుకు రసాయన, వృక్ష, జంతు శాస్త్రాలతో బి.యస్సీ. చదివినవాళ్ళు కూడా అర్హులే. మనలో కొందరు రేపు ఆ దుకాణాల్లో కూర్చుంటాం. కొందరు కంపెనీ బ్యాగు తగిలించుకొని ఊళ్ళు తిరుగుతాం. ఇంట్లో పరిస్థితిని బట్టి నేనూ ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టవలసి రావచ్చు. పెడితే తప్పని కూడా అనుకోను. అయితే ఎవరో ఒక తల్లి "కొట్టకుండా ఊరుకుంటే ఏమవుద్ది?" అని అడిగిన రోజున నవ్వించి తప్పించుకోకుండా ఉండాలంటే, ఆ జవాబు చెప్పే అలవాటు ఇప్పటి నుంచే చేసుకోవాలి.

అందుకు విద్యార్థి సంఘానికి ఒక చిన్న మనవి. ఎన్.ఎస్.ఎస్. శిబిరానికి వెళ్ళినప్పుడు ఏడు రోజుల్లో ఒక్క సాయంత్రం రైతుల ప్రశ్నలకు కేటాయిద్దాం. జంతుశాస్త్ర ప్రయోగశాల నుంచి నాలుగు భూతద్దాలు తీసుకెళదాం. రైతుల్ని ఆకుతోనూ, ఖాళీ డబ్బాతోనూ రమ్మందాం. ఆకు తిప్పి చూద్దాం, డబ్బా మీది చిన్న అక్షరాలు చదివి పెడదాం. మనకు తెలియనిది అడిగితే "మాకు తెలియదు, కనుక్కొని శనివారం చెబుతాం" అందాం. శనివారం వెళ్ళి చెబుదాం. మన చేతిలో అమ్మే వస్తువు లేదు గనుక, ఆ మాట మనం ధైర్యంగా అనగలం.